మిణుగురు ఇంట్లో ఏడో గది

మార్చి 3, మంగళవారం

కట్టు విప్పి నేటికి పన్నెండు రోజులు. మణికట్టు దగ్గర వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఫిజియోథెరపీ ఆవిడ చెప్పిన ప్రకారం పొద్దున ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కీబోర్డు మీద వేళ్లు ఆడించాలి. ఊరికే మీటలు నొక్కుతూ కూర్చుంటే పిచ్చిపట్టిందనుకుంటారని, మా అమ్మాయి ఫోన్లోనే దారి చెప్పి ‘ఆటల అరుగు’ అనే సైటు తెరిపించింది. ఆటలు తయారుచేయడం నేర్చుకుంటున్నవాళ్లు తాము చేసినవి అక్కడ పెడతారు. బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు. అక్కడ నాకు ‘నిక్కచ్చి’ అని పేరు పెట్టింది కూడా అదే. ఎగతాళికి పెట్టింది. నాకు నచ్చింది.

ప్రతి ఆట కిందా తయారుచేసినవాళ్లు ఒక మాట రాస్తారు: ఆడి చూసి మీ అభిప్రాయం చెప్పండి. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట నన్ను కాదేమో అనుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా ఈ ఇంట్లో కూర ఎలా ఉందని నన్ను అడిగినవాళ్లు లేరు. ఎలా ఉందో వాళ్లే చెప్పేవాళ్లు.

పద్ధతిగా రాస్తున్నాను. ఏ చోట, ఏ మీట నొక్కాను, ఏం జరుగుతుందనుకున్నాను, ఏం జరిగింది, ఎన్నిసార్లు, ఏం చేస్తే బాగుపడవచ్చు. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అని రాయను. వాటితో ఎవరూ ఏమీ బాగుచేసుకోలేరు. ముందు గళ్ల పుస్తకంలో రాసుకుని, తర్వాత ఎక్కిస్తాను. ఇవాళ్టికి ముప్పై ఎనిమిది ఆటలు.

నా చెయ్యి విరిగిందని తెలియగానే వదిన, అంటే మా ఆయన అక్కగారు, సంచి సర్దుకుని వచ్చి వంటగది చేతిలోకి తీసుకున్నారు. ఉప్పు డబ్బా పై అరలోకి వెళ్లింది. సాయం చేయడానికి వచ్చిన మనిషి. నేనేమీ అనలేదు.

మార్చి 5, గురువారం

ఇవాళ గిన్నెలన్నీ ఒక అరలో, మూతలన్నీ ఇంకో బుట్టలో. జంటలన్నిటికీ విడాకులు ఇప్పించారు. నాకేం కోపం లేదు.

మార్చి 9, సోమవారం

కొత్త ఆట దొరికింది. పేరు ‘మిణుగురు ఇల్లు’. చేసినవారి పేరు అక్కడ ‘పిచ్చుకగూడు’ అని ఉంది. చీకటి ఇంట్లో ఒక మిణుగురు పురుగు ఒక్కో గదిలో ఒక్కో దీపం వెలిగించుకుంటూ వెళ్లాలి. పై బాణం నొక్కి పట్టుకుంటే ఎగురుతుంది, పక్క బాణాలతో అటూ ఇటూ కదులుతుంది, స్పేస్ బార్ నొక్కితే మెరుస్తుంది. మెరిసిన ప్రతిసారీ దాని వెలుగు కొంచెం తగ్గుతుంది. కాబట్టి పొదుపుగా మెరవాలి. ఇంత తెలివైన ఆటను నేను ఇంతవరకు చూడలేదు.

ఏడో గదిలో ఆగిపోయాను. అక్కడ ఎడమవైపు నుంచి ఈదురుగాలి. పైకి ఎగురుతూ, ఎడమకు గాలిని తోసుకుంటూ, తలుపు దగ్గర మెరవాలి, అన్నీ ఒకేసారి. మిణుగురు ఎగురుతోంది, తోసుకుంటోంది, మెరవడం లేదు. ఇరవై రెండుసార్లు ప్రయత్నించాను. నా చెయ్యి ఇంకా సరికాలేదన్నమాట.

మార్చి 10, మంగళవారం

ఆరు గదులూ మళ్లీ దాటి ఏడో గదికి వచ్చాను. పంతొమ్మిదిసార్లు. మెరవలేదు. మణికట్టుకు వేడినీళ్ల కాపడం రెండుసార్లకు బదులు మూడుసార్లు పెట్టాను. వదిన చూసి, ఆ దిక్కుమాలిన డబ్బా మీద కొట్టుకోవడం మానేస్తే కాపడం అక్కర్లేదన్నారు.

మార్చి 11, బుధవారం

ఫిజియోథెరపీ ఆవిడ పిడికిలి బిగింపు కొలిచింది. విరగని చేతికి ఎంత ఉందో దీనికీ దాదాపు అంతే ఉందట. వేళ్ల కదలికలో లోపమేమీ లేదట.

ఇంటికి వచ్చి మరో ఇరవై సార్లు ఆడాను. మొత్తం అరవై ఒకటి. నా చేతిలో లోపం లేదు కాబట్టి ఆటలో ఉంది. రాసి పెట్టాను. ఏ మీటలు, ఎన్నిసార్లు, ఏమైంది, అన్నీ నా పద్ధతిలోనే. చివర్లో ఒక వాక్యం చేర్చాను: ‘ఈ గదిని తయారుచేసినవారు కూడా ఒక్కసారైనా దాటి ఉండరని నా నమ్మకం.’

ఉన్నదే రాశాను.

మార్చి 13, శుక్రవారం

నా మాటల కింద పంతొమ్మిది జవాబులు. ఈ నెల పోటీలో ‘మిణుగురు ఇల్లు’ ఉందట, నేను చూసుకోలేదు. నేను రాసింది అందరికంటే పైన కనిపిస్తోందట. చాలామంది ఆడకుండానే వెళ్లిపోతున్నారట. ఇద్దరు మాత్రం తమకీ ఏడో గది దాటడం వీలుకాలేదని రాశారు. మిగతావాళ్లు తాము సుబ్బరంగా దాటామన్నారు. ఒకాయన, ‘మామ్మగారూ, పొయ్యి మీద కూర మాడుతోందేమో చూసుకోండి’ అని రాశాడు.

నేను జవాబిచ్చాను: ‘కూర మా వదినగారు చూసుకుంటున్నారు. మీరు ఏడో గది ఎన్నో ప్రయత్నంలో దాటారో, ఏ వేళ్లతో ఏ మీటలు నొక్కారో రాయండి.’

రాయలేదు.

మార్చి 14, శనివారం

ఇవాళ ఆ సైటు తెరవనే లేదు. పొద్దున ఒకసారి, భోజనం ముందు ఒకసారి, తర్వాత రెండుసార్లు ఊరికే చూశానంతే.

మార్చి 16, సోమవారం

పిచ్చుకగూడు ఆటను తీసేసుకున్నారు. పోటీలోంచే కాదు, అరుగు మీంచే. ఆ పేజీలో మేం రాసినవాటి పైన వారిది ఒక్క ముక్క మిగిలింది: ‘ఏడో గది నేను నాలుగు వందల సార్లు దాటాను. ఇక ఆటలు చేయను.’

సైటును చూసుకునే పెద్దమనిషి పేరు అక్కడ ‘తోటమాలి’. ఆయన నుంచి నాకు ఉత్తరం వచ్చింది. ఆటల అరుగు ఒక తోటలాంటిదట, కొత్త మొక్కలు సున్నితంగా ఉంటాయట, నాలాంటివాళ్ల మాటలు వడగళ్లలాంటివట. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా నేను రాసింది తీసేసి, దాని స్థానంలో ‘ఆట చాలా బాగుంది, చేసినవారికి అభినందనలు’ అని పెట్టాలి. లేకపోతే నా ఖాతా మూసేస్తారు. ఇంతవరకు రాసినవన్నీ పోతాయి. ఇప్పటికి యాభై ఏడు ఆటలు.

తోటమాలి అయితే కలుపు తీయడం కూడా తెలిసి ఉండాలి.

ఆటను అక్కడ తీసేసినా నా తెర మీద ఆ ట్యాబు తెరిచే ఉంది, ఆట ఆడుతూనే ఉంది. కంప్యూటరు ఆపలేదు. ఎందుకు ఆపలేదంటే, రేపు మళ్లీ పెట్టుకోవాలి కదా, దండగ అని.

మార్చి 17, మంగళవారం

పొద్దున వదినకు చెప్పాల్సి వచ్చింది, నా మొహం చూసి ఊరుకోలేదు కనుక. అంతా విని, గరిటె పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు.

“ఎవరో సరదాకి ఓ బొమ్మ చేసుకుంటే, ముక్కు వంకర, మూతి వంకర అని నువ్వెందుకు చెప్పాలమ్మాయ్?”

“వాళ్లే అడిగారు వదినా.”

“అడుగుతారు. కొత్త బట్టలేసుకుని ఎలా ఉన్నానని అడుగుతారు. అది అడగడమా? అనిపించుకోడం.”

దీనికి నా దగ్గర జవాబు లేకపోలేదు. ఆ క్షణంలో తట్టలేదు. వెనక చిరిగిందని చెప్పకుండా వీధిలోకి పంపేది ఏం మంచితనమని అడగాల్సింది. ఇప్పుడు ఇక్కడ అడుగుతున్నాను.

సాయంత్రం ఆయన అచ్చాఫీసు నుంచి వచ్చాక నేను రాసింది చూపించాను. ఆయన ప్రూఫులు దిద్దే మనిషి. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులన్నీ ఎర్ర పెన్నుతో చుట్టడమే పని. ఒక్కరూ ఆయన్ను వడగళ్లనలేదు. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. చివరి వాక్యం మీద వేలు పెట్టారు.

“పైదంతా దిద్దుబాటు. ఇదొక్కటీ తిట్టు. దీన్ని కొట్టేయి.”

“కొట్టేయను. నిజం కనక రాశాను.”

“నువ్వు చూశావా ఆ మనిషి దాటలేదని?”

చూడలేదు. అయినా కొట్టేయనన్నాను. నిజమని రుజువు చేసి చూపిస్తానన్నాను. ఆయన కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు.

మార్చి 18, బుధవారం

రుజువు కోసం కింది వాటాలో టైపు నేర్పే ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ దగ్గర ఎనిమిది కంప్యూటర్లున్నాయి. ఉదయం బ్యాచి వెళ్లిపోయాక ఖాళీగా ఉంది. నా కీబోర్డు చంకలో పెట్టుకుని వెళ్లి, ఇందులో లోపం లేదని చూసి చెప్పమన్నాను.

ఆవిడ ఒక పేజీ తెరిచింది. ఏ మీట నొక్కితే తెర మీద ఆ మీట నీలంగా మారుతుంది. పై బాణం, నీలం. ఎడమ బాణం, నీలం. స్పేస్ బార్, నీలం. చూశారా అన్నాను. ఆవిడ పై బాణం, ఎడమ బాణం కలిపి నొక్కి పట్టుకుని, నన్ను స్పేస్ బార్ నొక్కమంది. నొక్కాను. మారలేదు. మళ్లీ నొక్కాను. బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాను.

“మింగేస్తోందండీ,” అంది ఆవిడ. “చవకరకం వాటిల్లో మూడు మీటలు కలిపి నొక్కితే ఒకదాన్ని మింగేస్తాయి. చెడిపోయి కాదు, వాటి పుట్టుకే అంత.”

ఆవిడ సొంత కీబోర్డు అరువడిగి పైకి తెచ్చాను. తెర మీద ఆట అలాగే ఉంది. పెట్టి ఆడాను. మూడో ప్రయత్నంలో మిణుగురు మెరిసింది. గాలి ఆగింది. తలుపు తెరుచుకుంది.

ఎనిమిదో గదిలోకి వెళ్లలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు వందల సార్లు దాటిన మనిషిని ఒక్కసారీ దాటలేదన్నాను.

కాసేపటికి మళ్లీ కిందికి వెళ్లాను. కీబోర్డు తిరిగిచ్చి, మిగతా ఏడు కూడా చూద్దామన్నాను. ఆవిడకు కూడా సరదా పుట్టింది. ఒక్కొక్కటీ నొక్కి, గళ్ల పుస్తకంలో గీతలు పెట్టాను. ఆవిడదానితో కలిపి ఎనిమిదిలో మూడింట్లో మాత్రమే మూడు మీటలూ పలికాయి. అయిదు మింగేశాయి.

మార్చి 19, గురువారం

పొద్దున పదింటికి ఆ ఆట పేజీలోనే ఇది పెట్టాను. నాకోసం ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను.

‘ఏడో గది దాటడం సాధ్యమే. నేనే తప్పు రాశాను. నా కీబోర్డు మూడో మీటను మింగేస్తోందని నిన్న తెలిసింది. తయారుచేసినవారు దాటి ఉండరన్న మాట అబద్ధం, పైగా అవమానం. దానికి క్షమించండి. ఆ వాక్యాన్ని తుడిచేయకుండా అడ్డంగా గీత గీసి ఉంచుతున్నాను. నేనేమన్నానో కూడా అందరికీ తెలియాలి.

రెండో సంగతి. ఎనిమిది కీబోర్డులు పరీక్షిస్తే అయిదు నాదానిలాగే చేశాయి. అటువంటివి ఉన్నవాళ్లు ఈ గదిలో ఆగిపోతారు. ఆటలో తప్పుందని వాళ్లకు తెలియదు, తమ చేతిలోనే తప్పుందనుకుని లేచి వెళ్లిపోతారు. నేను కూడా రెండు రోజులు చేతికి కాపడం పెట్టుకున్నాను. మెరవడానికి బాణాలతో కలిపి నొక్కినా పలికే ఇంకో మీటను పెడితే ఈ గది అందరికీ తెరుచుకుంటుంది. తయారుచేసినవారు తిట్టదలచుకుంటే నేరుగా నాకే రాయవచ్చు.’ కింద నా మెయిలు చిరునామా ఇచ్చాను.

రెండు గంటలకు తోటమాలి జవాబు. క్షమాపణ చాలా హుందాగా ఉందట. అది ఉంచి, రెండో సంగతి మొత్తం తీసేసి, ఆయన పంపిన అభినందనల వాక్యం చేర్చాలట. క్షమాపణ చెబుతూనే మళ్లీ తప్పు పట్టడం ఏం పద్ధతని అడిగారు.

నా తప్పు ఒప్పుకుంటే గదిలో తప్పు మాయమైపోతుందా అని నేను అడిగాను.

గడువు రేపటిదాకా ఉందని గుర్తుచేశారు. నాకు గుర్తుంది.

మార్చి 20, శుక్రవారం

తీసేయలేదు.

ఆరు గంటల మూడు నిమిషాలకు మూశారు. యాభై ఏడు ఆటల మీద రాసినవీ, నిన్నటిదీ పోయాయి. నా పేరు కొడితే అటువంటివారెవరూ లేరని వస్తోంది. కళ్లు మండాయి. వదిన ఉల్లిపాయలు తరుగుతున్నారు.

వంటగదిలో తరుగుతున్నారు. నేను ముందుగదిలో ఉన్నాను.

మార్చి 22, ఆదివారం

అందరికీ నా మీద జాలి పుట్టింది. ఆయన పొద్దున్నే రెండు వేళ్లతో టకటక కొట్టుకుంటూ కూర్చుంటే ఏమిటా అని చూశాను. తన పేరుతో అరుగు మీద ఖాతా తెరుస్తున్నారు, నేను వాడుకోవడానికి. వద్దన్నాను. మధ్యాహ్నం అమ్మాయి ఫోన్ చేసింది. ఇంకో పేరుతో చేరిపో, వాళ్లకేం తెలుస్తుందమ్మా అంది.

“పేరు మార్చుకుని తిరిగేది తప్పు చేసి ఒప్పుకోనివాళ్లే. నేను ఒప్పుకున్నాను.”

“మరేం చేస్తావు?”

“నిక్కచ్చిగానే ఉంటాను.”

తోటమాలి కూడా ఒక కాగితం పంపారు. నెల తర్వాత ఖాతా తిరిగి ఇస్తారట. ‘ఇకపై ప్రోత్సాహకరమైన మాటలు మాత్రమే రాస్తాను’ అన్నదాని పక్కన ఉన్న గడిలో టిక్కు పెట్టి పంపితే చాలట. గడి ఖాళీగా ఉంచి, మిగతా వివరాలన్నీ నింపి, సంతకం పెట్టి పంపాను. నింపకుండా పంపితే మర్చిపోయాననుకుంటారు.

ఇవాళ వేళ్ల కసరత్తు పిండి పిసకడంతో చేశాను. ఆ సైటు లేకపోతే రోజు గడవదనేమీ లేదు. మధ్యాహ్నం మాత్రం గడియారం చాలా నెమ్మదిగా నడిచింది.

మార్చి 24, మంగళవారం

వదిన నా పక్కన కూర్చుని చాలాసేపు ఏదో తేల్చుకుంటున్నట్టు బట్టలు మడతపెట్టారు. మడతపెట్టినవే మళ్లీ మడతపెట్టారు. ఆఖరికి వంటగదిలో తనవి కూడా ఏమైనా తప్పులున్నాయా అన్నారు.

“అడుగుతున్నారా, అనిపించుకుంటున్నారా?”

“అడుగుతున్నానే తల్లీ. నిన్న నువ్వు స్టూలెక్కి ఉప్పు డబ్బా తీసుకోవడం చూశాను. చెయ్యి విరిగిన మనిషి స్టూలెక్కుతుంటే నాకు కనపడదా? ముందే చెప్పొచ్చుగా.”

“మీరు అడగలేదు.”

చెప్పాను. పదకొండు. నాలుగు తప్పులు ఒప్పుకున్నారు, ఆరింటి మీద వాదించారు, ఒకదానికి అలిగి పెరట్లోకి వెళ్లారు. వెళ్లినావిడ తిరిగి వచ్చి, నావి రెండు చెప్పారు. నా కత్తిపీట మొండిదట. నా మూకుడు పిడి వదులైందట, అది పట్టుకుంటే ఇంకో చెయ్యి కూడా విరుగుతుందట. రెండూ నిజమే. ఇరవై ఆరేళ్లలో ఇంతసేపు మేమిద్దరం ఎదురెదురుగా మాట్లాడుకున్నది లేదు.

నాకు కోపం ఉండేది. రాయనైతే రాయలేదు గానీ, ఉండేది.

మార్చి 26, గురువారం

పిచ్చుకగూడు నుంచి మెయిలు. తిట్లు ఉంటాయనుకుని, కుర్చీ సర్దుకుని, తెరిచాను.

‘మీ మీద కోపం ఇంకా పోలేదు. మొదట మీరు రాసింది చదివి నాలుగు రోజులు అన్నం సయించలేదు. తర్వాత రాసింది శుక్రవారం మధ్యాహ్నం చూశాను, వాళ్లు తీసేయకముందు. ఆట మొదలుపెట్టిన కొత్తలో మా అక్కకు ఆడమని ఇచ్చాను. ఏడో గదిలో ఆగిపోయి, ఇది మెరవట్లేదే అంది. నీకు ఆడటం రాదన్నాను. ఆ తర్వాత అది నా ఆటలేవీ ముట్టుకోలేదు. నిన్న వెళ్లి దాని కీబోర్డు చూశాను. మింగేస్తోంది.

మెరిసే మీట మార్చాను. ఇంకెక్కడా పెట్టలేదు. మీరు చూసి చెప్పండి. బాగుందని మాత్రం రాయకండి, అలా రాసేవాళ్లు నాకు చాలామంది ఉన్నారు.’

కింద లంకె ఉంది.

ఆయన భుజం మీదుగా చదివి, ఏం రాస్తావని అడిగారు. ముందు ఆడాలి కదా అన్నాను.

మార్చి 27, శుక్రవారం

నా పాత కీబోర్డుతోనే ఆడాను. మొదటి గది నుంచి మొదలుపెట్టాను. ఏడో గది నాలుగో ప్రయత్నంలో దాటాను. వదిన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆ పురుగు కొంచెం పొదుపుగా మెరవకూడదా అని నన్నే తిట్టారు.

ఎనిమిదో గదిలో గాలి లేదు. ఒక పెద్ద కిటికీ ఉంది. దాని అవతల చీకట్లో ఇంకా ఎన్నో మిణుగురులు, ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తూ. మనది మెరిస్తే అవి జవాబుగా మెరుస్తాయి. ఏడు గదుల పాటు ఒక్కొక్క మెరుపూ దాచుకుంటూ వచ్చిన పురుగు ఇక్కడ ఎంత మెరిసినా వెలుగు తగ్గదు. వదిన స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు. నేను నొక్కుతూ కూర్చున్నాను.

తర్వాత రాసి పంపాను. ఎనిమిదో గదిలో కిటికీ దగ్గర ఆగిపోయాను, ఎంతసేపో చూసుకోలేదు. ఆ కిటికీ పక్కన తొమ్మిదో గదికి వెళ్లే తలుపుంది. అది గోడ రంగులోనే ఉంది కాబట్టి కనిపించదు. వెతకడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తలుపు అంచు వెంట సన్నటి గీత ఒకటి గీస్తే సరిపోతుంది. తొమ్మిదో గదిలో తప్పులు ఆరు ఉన్నాయి, వరసగా రాస్తున్నాను.